కోరికల పేజీ

మిరపకాయ బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ యజమాని బుల్లయ్యకి వెబ్‌సైటు పెట్టాలని ఎందుకు బుద్ధి పుట్టిందో ఆయనకే సరిగ్గా తెలియదు. రెండువేల ఆరులో ఏదో పెళ్ళిలో పక్క కుర్చీ పెద్దమనిషి, "రాబోయేదంతా ఇంటర్నెట్టే బుల్లయ్యగారూ" అన్నాడట. విస్తట్లో పులిహోర అయిపోయేలోపు ఈయన నిశ్చయించేసుకున్నాడు. ఆ నిశ్చయం ఫలితంగా గుంటూరులో ఒక మేడ మీద గది, గదిలో ఏసీ, ఏసీ కింద సర్వరు, సర్వరుకి పసుపూ కుంకుమా, వీటన్నిటినీ చూసుకోవడానికి నల్లపాడు నుంచి రోజూ వచ్చే ఫర్హానా అనే ఎంసీఏ చదివిన అమ్మాయీ ఏర్పడ్డారు. సైటుకి 'మన పేజీ' అని పేరు పెట్టారు.

సైటు చేసే పని చిన్నదే. ఏ సంఘమైనా, ఏ ఊరైనా అక్కడ సొంతంగా ఒక వికీ పెట్టుకోవచ్చు. వికీ అంటే పదిమంది కలిసి రాసుకునే పుస్తకం లాంటిది. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. ఎవడైనా వచ్చి పాడుచేసినా భయం లేదు, పాత కాపీలన్నీ 'చరిత్ర' అనే మీట కింద పదిలంగా ఉంటాయి, ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. బుల్లయ్య మాత్రం దీన్ని ఇంకో కోల్డ్ స్టోరేజీగానే అర్థం చేసుకున్నాడు. జనం సరుకు తెచ్చి పెడతారు, మనం చల్లగా ఉంచుతాం, అద్దె పుచ్చుకుంటాం. అంతకు మించి ఎవరైనా వివరించబోతే ఆయనకి ఆవలింతలు వచ్చేవి.

ఫర్హానాకి తెలివి ఉంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు, ఆమెతో వచ్చిన చిక్కంతా అదే. తండ్రి మాబు సాహెబ్ నల్లపాడు స్టేషను దగ్గర సైకిళ్ళకి పంక్చర్లు వేసి చదివించాడు. హైదరాబాదు కంపెనీలు ఆమెని ఇంటర్వ్యూల దాకా పిలిచి, మంచినీళ్ళిచ్చి వెనక్కి పంపేశాయి. ఆ కోపం ఆమె గుంటూరు మీద తీర్చుకునేది.

నిజం చెప్పాలంటే గుంటూరు కూడా అందుకు బోలెడంత అవకాశం ఇచ్చింది. సైటులో కొత్తగా ఏం కావాలో చెప్పమంటే జనం అడిగినవి ఇవీ: ఫొటో చుట్టూ బంతిపూల దండ కావాలి. పేజీ తెరవగానే సన్నాయి మోగాలి. ఎంతమంది చూశారో చెప్పే కౌంటరు సున్నా నుంచి మొదలైతే నామోషీ, ఐదువేల నుంచి మొదలవ్వాలి. మహిళా మండలి అధ్యక్షురాలు సుబ్బరావమ్మగారికైతే తన కోరికంటూ ఏమీ లేదు, మాజీ అధ్యక్షురాలి ఫొటో తన ఫొటో కంటే చిన్నది చేస్తే చాలు. పైగా ఒక్కరూ నేరుగా అడగరు. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యమని ఒకాయన ఎమ్మెల్యేగారి బావమరిది చేత ఫోను చేయించాడు. "వీళ్ళకి వికీ ఎందుకమ్మీ, ఫ్లెక్సీ చాలదూ" అనేది ఫర్హానా ఇంటికెళ్ళి తల్లితో.

సిఫార్సుల బాధ పడలేక ఆమే ఒక ఉపాయం పన్నింది. సైటులో 'కోరికల పేజీ' అని ఒకటి తెరిచింది. ఎవరికేం కావాలన్నా అక్కడ రాయాలి. నచ్చినవాళ్ళు ఓటు వెయ్యాలి. ఎక్కువ ఓట్లొచ్చిన కోరికే తీరుతుంది. బుల్లయ్య మెచ్చుకున్నాడు, ఫోన్లు తగ్గాయి. రాసి అడగడమంటే తలవంపులని ఊళ్ళో పెద్దలకి గట్టి నమ్మకం కాబట్టి ఆ పేజీ చాలాకాలం ఖాళీగానే ఉంది. ఫర్హానా తన తెలివికి తానే మురిసిపోయింది.

ఇన్ని చెత్త పేజీల మధ్య పనికొచ్చే పేజీ ఒక్కటే ఉండేది. సత్తెనపల్లి దగ్గర పల్లెలో ఎలీషా అని మిరప రైతు ఉన్నాడు, చర్చిలో పెద్ద. ఒక ఏడాది ఎవరో చెప్పారని రెండు రకాల మందులు కలిపి కొడితే తోటంతా మాడి మసైంది. నాకైంది ఇంకొకడికి అవకూడదని, ఆయన చెబుతుంటే డిగ్రీ చదివే కూతురు ఆరాధన వికీలో రాసింది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వచ్చి తమవి కలిపారు. ఆకు పైముడతకి ఏ మందు పనిచేసింది, కిందిముడతకి ఏది దండగ, దేనిలో దేన్ని కలిపితే ఆకు మాడింది, అన్నీ ఎవరి అనుభవం వాళ్ళు, ఊరి పేరుతో సహా రాశారు. మందు కొట్టే ముందు జనం సత్తెనపల్లి నెట్ సెంటరుకి వెళ్ళి ఆ పేజీ చూసి వచ్చేవాళ్ళు. ఎలీషా ఏనాడూ కోరిక అడగలేదు. గుంటూరు మిర్చి యార్డుకి కాయలు తెచ్చినప్పుడు మేడెక్కి వచ్చి, "బాగుందమ్మా నీ పేజీ, మావోళ్ళకి చానా ఉపయోగం" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ నాలుగు మాటల కోసమే తను ఈ ఉద్యోగం చేస్తున్నానని ఫర్హానా అనుకునేది. అనుకోవడం వరకే, పేజీ తెరిచి చదివింది మాత్రం లేదు.

రెండువేల ఎనిమిది మార్చిలో గౌస్ బాషా వచ్చిపడ్డాడు. ఆయన మిరపకాయల కమీషన్ వ్యాపారి, ఒక సంఘానికి అధ్యక్షుడు. సంఘం వికీలో ఆయన జీవితం రాసే పని ఆయన బావమరిదికే అప్పగించారు. ఆ అమాయకుడు మొదట 'ఏడో తరగతి తప్పి వ్యాపారంలోకి వచ్చారు' అని ఉన్నదున్నట్టు రాశాడు. తిట్లు తిన్నాక 'ఉన్నత విద్యావంతులు' అని దిద్దాడు. సంఘంలో గిట్టనివాడొకడు 'చరిత్ర' నొక్కి, రెండు కాపీలూ అచ్చు తీసి మీటింగులో పంచిపెట్టాడు.

"ఏమ్మాయ్, దిద్దేసిన తప్పుని దాచిపెట్టి మరీ ఊరందరికీ చూపించే సైటు ఎక్కడన్నా ఉంటదా?" అని గౌస్ బాషా గదిలోకి వస్తూనే కేకలేశాడు.

"చరిత్ర ఉండేది అందుకేనండీ. ఎవరన్నా పేజీ పాడుచేస్తే పాతది తెచ్చుకోవడానికి."

"నా పేజీ పాడుచేసే మగాడెవడు గుంటూర్లో? తీసెయ్ దాన్ని."

"నా చేతుల్లో లేదండీ. కోరికల పేజీలో రాయండి. ఓట్లొస్తే తీస్తాం" అంది ఫర్హానా ఎంతో మర్యాదగా. ఏ కోరికకీ నాలుగైదు ఓట్లు దాటినట్టు ఆమె ఎరగదు.

పాపం, ఎంసీఏలో ఓట్ల సంగతి చెప్పలేదు. గుంటూరు జిల్లాలో ఓట్లెలా వేయించాలో ఒకరు నేర్పాల్సిన పని లేదు. అప్పుడు మిరపకాయల సీజను ముమ్మరంగా ఉంది. లారీల కొద్దీ కాయలు దిగుతున్నాయి, రైతులు బస్తాల మీదే పడుకుని కాటా కోసం ఎదురుచూస్తున్నారు. గౌస్ బాషా కొట్టుకి సరుకు తెచ్చిన ప్రతి రైతుకీ ఒకటే మాట: కాటా వేసేలోపు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకి వెళ్ళి ఒక మీట నొక్కి రండి. అక్కడ బావమరిది కూర్చుని పేర్లు ఎక్కించేవాడు, మౌసు చేతికిచ్చి ఎక్కడ నొక్కాలో చూపించేవాడు, నొక్కినవాడికి బిర్యానీ పొట్లం ఇచ్చేవాడు. తన సరుకు ఎవడి కాటా మీదుందో వాడి మాట కాదనే రైతు ఎక్కడా ఉండడు. వారం తిరిగేసరికి 'చరిత్ర తీసివేయాలి' అన్న కోరికకి ఓట్లు కుప్పలు పోశాయి.

"నువ్వు పెట్టిన రూలే కదమ్మా" అన్నాడు బుల్లయ్య.

ఫర్హానా తెలివిగా మీట ఒక్కటే కనపడకుండా చేసి, లోపల కాపీలన్నీ ఉంచేసింది. ఆ గిట్టనివాడు అడ్డదారిన వాటిని కూడా పట్టుకుని మళ్ళీ పంచాడు. ఈసారి గౌస్ బాషా బుల్లయ్య ఇంటికే వెళ్ళాడు. మొదలంటా పీకెయ్యమని బుల్లయ్య ఫోను చేశాడు.

అప్పుడు కూడా ఆమె ఒక పని చెయ్యగలదు. గౌస్ బాషా సంఘం వికీ చరిత్ర ఒక్కటే తీసేసి, ఎలీషా వాళ్ళది ఉంచెయ్యొచ్చు. దానికి ఒక పూట పని అవుతుంది, అడిగే నాథుడు లేడు. కానీ ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. బిర్యానీకి ఓటేసే జనానికి చరిత్ర ఒకటా అనుకుంది. మొత్తం సైటులోని పాత కాపీలన్నీ ఒకే దెబ్బకి తుడిచేసి, హాయిగా టీ తాగడానికి కిందకి దిగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి సైటు నడిపే సాఫ్ట్‌వేరులో బయటివాళ్ళు దూరగల కన్నం ఉందనీ, వెంటనే కొత్తది వేసుకోవాలనీ దాన్ని తయారుచేసిన వాళ్ళు ప్రకటించారు. ఒకరోజు సైటు ఆపాలని ఫర్హానా అడిగింది. బుల్లయ్య పంచాంగం తిప్పి, ఇప్పుడు మూఢం, కొత్త పనులేవీ కుదరవన్నాడు. పోనీ కాపీలు దాచడానికి ఇంకో డిస్కు కొనమంది. ఒకే సరుకుని రెండు గోడౌన్లలో పెట్టే పిచ్చివాడెవడన్నా ఉంటాడా అని ఆయన నవ్వాడు. ఉన్న డిస్కులో కొత్త కాపీ పాత కాపీని చెరిపేసేది. ఆమె మళ్ళీ అడగలేదు. మూఢం వెళ్ళింది, ఆయన మర్చిపోయాడు, ఆమె గుర్తు చెయ్యలేదు. చెప్పడం నా వంతు, వినకపోతే వాళ్ళ ఖర్మ అనుకుంది.

ఎండాకాలం మధ్యలో సైటు కౌంటరు పరుగెత్తడం మొదలుపెట్టింది. బుల్లయ్య రోజూ ఫోను చేసి అంకె కనుక్కునేవాడు. జనం ఎందుకు ఎగబడుతున్నారో ఫర్హానా ఒక్క పేజీ అయినా తెరిచి చూస్తే తెలిసిపోయేది. దండలేసుకున్న మొహాలు చూసే ఓపిక ఆమెకి ఎప్పుడో పోయింది. లక్ష దాటగానే బుల్లయ్య హాలు మాట్లాడి సన్మాన సభ పెట్టాడు.

సభలో శాలువాలు కప్పుకున్నారు, ఒకరినొకరు పొగుడుకున్నారు. గౌస్ బాషా పేజీని పెద్ద తెర మీద వేశారు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో నీలం రంగు మాత్ర బొమ్మ. పడకగదిలో నీరసానికి మందు, చవగ్గా ఇంటికే పంపుతాం అన్న ప్రకటన అది. కింద 'ఉన్నత విద్యావంతులు' అన్న ముక్క ఒక్కటి మిగిలింది. ఏదో గొప్పగానే రాశారనుకుని గౌస్ బాషా లేచి రెండు చేతులూ జోడించాడు. హాలు చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఇంగ్లీషు లెక్చరరొకాయన మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు.

ఫర్హానా ఆఫీసుకి పరుగెత్తింది. ప్రకటనలు వాటంతట అవే రాసేసే ఎక్కడెక్కడి కంప్యూటర్ రోబోలు కన్నంలోంచి దూరి, నెలల తరబడి సైటులో పేజీలన్నీ చెరిపేసి తమ సరుకు రాసుకున్నాయి. లక్షమంది సందర్శకులు అవే. డిస్కులోని కాపీలో కూడా ఆ మాత్రలే ఉన్నాయి. బుల్లయ్య ఫోనులో ఒక్కటే అడిగాడు: "పేజీలు పోతే పోయాయి గానీ, కౌంటరు తగ్గదుగా?"

పెద్దల పేజీలకి ఢోకా లేదు. వాళ్ళ గొప్పలన్నీ కరపత్రాల్లో అచ్చై ఉన్నాయి కాబట్టి మర్నాటికల్లా మళ్ళీ ఎక్కించేశారు. ఫర్హానా ఎలీషా పేజీ తెరిచింది. అక్కడా అదే నీలం మాత్ర. అన్ని ఊళ్ళ వాళ్ళు, అన్ని పంటలు నష్టపోయి తెలుసుకున్న ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. ఎలీషాకి ఫోను చెయ్యాలనుకుంది, చెయ్యలేదు. రేపు చేద్దామనుకుంటూ సెప్టెంబరు దాకా లాగింది.

సెప్టెంబరులో ఆయనే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికొచ్చి నిలబడ్డాడు.

"పేజీలో ఏదో ఇంగ్లీషు ప్రకటన కనపడతందమ్మా. మాది యాడికి పోయింది? మొన్న మా పక్కూరి కుర్రోడు చూడ్డానికెళ్ళి, కనపడక, మందుల కొట్టోడు చెప్పింది కలిపి కొట్టాడు. రెండెకరాలు మాడిపోయింది. పేజీ ఉంటే కొట్టేవాడు కాదు."

"పాడైపోయింది బాబాయ్. బయటివాళ్ళు చెరిపేశారు."

"మరి పాతది వెనక్కి తెచ్చుకోవచ్చని మా ఆరాధన అంది?"

"చరిత్ర అని ఒకటి ఉండేది. అది ఉంటే క్షణంలో వచ్చేసేది. మొన్న సీజన్లో ఓట్లేసి తీయించేశారు. గౌస్ బాషాగారి కొట్టుకి వచ్చిన రైతులంతా వేశారు."

ఎలీషా నెమ్మదిగా అడిగాడు.

"కాటాకి ముందు నెట్ సెంటర్లో నొక్కించారు, ఆ మీటా అమ్మా?"

ఫర్హానా తలూపింది.

"నేనూ నొక్కానమ్మా. సైటు బాగుకే అన్నాడు ఆయన బావమరిది. మా ఊరోళ్ళందరం నొక్కాం. మా చేత్తో మేమే చెరుపుకున్నామన్నమాట. ఆ కుర్రోడి పొలం కూడా మా పాపమే. నువ్వు కష్టపడి పెట్టిచ్చినదాన్ని పాడుచేశాం. తప్పయిపోయిందమ్మా."

అంత వయసు మనిషి ఆమె ముందు చేతులు జోడించాడు. వాళ్ళ ఒక్క వికీ చరిత్రనీ ఉంచెయ్యగలిగి కూడా, ఒక పూట పనికి బద్ధకించి, ఒళ్ళు మండి తుడిచేసింది తనేనన్న మాట ఆమె గొంతు దాకా వచ్చింది. ఈ ఊళ్ళో అందరినీ చూసి అసహ్యించుకున్న మనిషి, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పడానికి భయపడింది. ఫ్లెక్సీ మొహాల్లో ఒక్కరు కూడా ఇంత నీచానికి దిగలేదు.

"పర్లేదులే బాబాయ్. ఇంకోసారన్నా అదేంటో తెలుసుకుని నొక్కండి" అంది ఫర్హానా.

"అట్టాగేనమ్మా" అన్నాడు ఎలీషా.