అత్త ఆపమన్న పాటలు

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. ఉదయగిరి కోటలో ఎవరికో ఏదో కనబడిందని చెప్పుకునేవాళ్లను మొహం మీదే కడిగేసేదాన్ని. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇల్లు. నేను పుట్టింది ఆత్మకూరులో. నా పేరు షాహీనా. ఆ పేరంటే మా అత్తకు ఏం పగో తెలియదు కానీ, పెళ్లయిన రోజు నుంచి ఆమె పోయేదాకా నన్ను "ఆత్మకూరుదానా" అనే పిలిచింది. ఇంట్లో ఇంకెవరూ అలా పిలవరు. పిలిస్తే నేను ఊరుకోను కూడా.

పని చేసేటప్పుడు నాకు పాటలు కావాలి. ఆమెకు పాటంటే పడదు. ప్రతి చెక్కనూ చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూసేది. లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుందట. పాట మోగితే అది వినబడదని నా ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో దాచేసిన మనిషి. అత్తలేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా? ఆమె పోయినప్పుడు అందరితో పాటు నేనూ ఏడ్చాను. ఇక పాటలు పెట్టుకోవచ్చన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది.

ఆమె పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు కాగానే ఆమె కూర్చునే చోట నేను కూర్చున్నాను. పక్కన నా డిగ్రీ నాటి కంప్యూటర్ పెట్టుకున్నాను. దాని మౌస్ చెక్కపొడికి ఎప్పుడో చచ్చింది. బొమ్మలూ బటన్లూ ఉండే ప్లేయర్ తెరిస్తే మొత్తం బిగుసుకుపోతుంది. అందుకని నల్ల తెర మీద అక్షరాలు టైపు చేసి నడిపే ప్లేయర్లు వెతికాను. వాటికి మౌస్‌తో పని లేదు, కంప్యూటర్‌కు భారమూ ఉండదు.

మొదటిదానికి ఫోల్డర్ పేరు చెబితే చాలు, వరసగా అన్నీ పాడుతుంది. పాటకూ పాటకూ మధ్య కాస్త ఖాళీ ఇస్తుంది. మధ్యాహ్నం నేనూ, మా ఆయన మస్తానూ ఎదురెదురుగా కూర్చుని గరిటెలకు ఆకురాయి పడుతున్నాం. ఒక పాట అయింది. ఆ ఖాళీలో, స్పీకర్లోంచి మా అత్త గొంతు.

"ఆత్మకూరుదానా, ఆపు."

మస్తాన్ చేతిలోని ఆకురాయి కింద పడింది. "అమ్మ" అన్నాడు.

నేను మండిపడ్డాను. ఇది నా ఆడబిడ్డ పనే అనుకున్నాను. తల్లి చోటు నాకు దక్కడం ఆమెకు గిట్టదు. తల్లి గొంతు రికార్డు చేసి పాటల్లో కలిపించావని ఫోనులో నానా మాటలూ అన్నాను. అమ్మ గొంతు ఒక్క ముక్కయినా తన దగ్గరుంటే ఇంత ఏడుపెందుకని ఆమె ఎదురు తిట్టింది. ఆ పాటలనే మస్తాన్ ఫోనులో వేసి విన్నాం. గొంతు లేదు.

అయితే తప్పు ప్లేయర్‌దేనని దాన్ని తీసేసి రెండోది వేశాను. ఇది ఖాళీ ఇవ్వదు, ఒక పాట చివరకు ఇంకో పాటను అతికిస్తుంది. ఇక ఎక్కడ దూరుతుందో చూద్దామనుకున్నాను. పాట మధ్యలోనే చప్పుడు తగ్గి అదే మాట వచ్చింది.

"దాన్ని తీసి అవతల పారెయ్. అమ్మకి గిట్టేది కాదు గదా, ఎందుకు మొండికేస్తా ఉండావు?" అన్నాడు మస్తాన్.

"బతికినన్నాళ్లూ ఆమె చెప్పిందే చేసినాను. ఇప్పుడీ చోటు నాది. ఆపేది లేదు."

మూడోది వెతికి మరీ తెచ్చాను. వట్టి మొద్దు ప్లేయర్. పేరు టైపు చేసిన పాట ఒక్కటీ పాడి, తానే మూసుకుపోతుంది. పాట పెట్టాను. మధ్యలో ఏ గొంతూ రాలేదు. పాట అయింది, ప్లేయర్ మూసుకుంది, తెర మీద చిన్న గీత మినుకుమంటూ ఉంది. గెలిచానని మస్తాన్ వైపు చూసి నవ్వాను కూడా.

నడిచే ప్లేయరే లేనప్పుడు, ఆ స్పీకర్లోంచే మళ్లీ వచ్చింది.

"ఇంకోటి పెట్టు, షాహీనా."

మస్తాన్ కూడా విన్నాడు. అందులో కోపం లేదన్నాడు. లేదు, నిజమే. నేను లేచి స్విచ్ ఆపేశాను.

ఇప్పుడు రోజూ పాటలు పెడుతున్నాను. ఆ గొంతు మళ్లీ రాలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ అంతుపట్టలేదు. ఆ రోజు ఇంకో పాట ఎందుకు పెట్టలేదని మస్తాన్ ఇప్పటికీ అడుగుతాడు. ఆ పేరుతో, కోపం లేని ఆ గొంతుతో ఆమె బతికుండగా ఒక్కసారి పిలిచుంటే, నేనే పాటలు ఆపేసేదాన్ని.