కర్ర పట్టిన లక్ష్మణుడు

ఇంటర్నెట్‌ను గంటల లెక్కన బాడుగకు ఇచ్చే కాలం ఒకటి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మా రాయపురంలో జెరాక్స్ అంగడి పక్కన చిన్న గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, ఏసీ వేసి, చెప్పులు బయట విడవమని బోర్డు తగిలించి, బ్రౌజింగ్ సెంటర్ అని పేరు పెట్టారు. చెప్పులు విడిచి, చల్లగా, మాట్లాడకుండా కూర్చోవాలి కాబట్టి నాకు అది గుడిలాగే అనిపించేది. (బోర్డు మీద ఏముందో అప్పట్లో నాకు చదవడం రాదు. గుమ్మం ముందర చెప్పుల వరస చూసి తెలుసుకున్నాను. నలభై దాటాక గాని అక్షరాలు నా దగ్గరికి రాలేదు. అంతవరకు లోకాన్ని ఇట్లా ఆనవాళ్లు పట్టే చదువుకున్నాను.)

అప్పుడు నాకు పంతొమ్మిదో ఇరవయ్యో. మా మేనమామ పోత పట్టడలో పని చేసేదాన్ని. మేము పోసేవి పూజకాసులు. ఒక పాత రామటెంకిని (రాములవారి బొమ్మ ఉన్న పూర్వకాలపు పూజనాణెం) చూసి మామ చేసుకున్న అచ్చుకాసు ఒకటి ఉండేది. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం, పక్కన విల్లు పట్టుకున్న లక్ష్మణుడు; రెండోవైపు హనుమంతుడు. దాన్ని మెత్తటి మట్టిలో అదిమి, ఆ గుంటలో ఇత్తడి పోసి, చల్లారాక అంచులు ఆకురాయితో రాకి, వెండి పూత వేసి, పూజసామాన్ల అంగళ్లకు కిలోల లెక్కన అమ్మేవాళ్లం. రాకడం నా పని, అచ్చుకాసు సందుల్లో ఇరుక్కున్న మట్టిని సూదితో తీయడం కూడా నా పనే. ఒకనాడు ఏదో ఆలోచిస్తూ (ఏమిటో గుర్తుంది గాని చెప్పను) సూది గట్టిగా తోశాను. లక్ష్మణస్వామి విల్లు ఊడి నా ఒళ్లో పడింది. మామ టీకి పోయి ఉన్నాడు. ఆయన వచ్చేలోపల సన్నటి తీగముక్క ఒకటి పంటితో కొరికి తెంపి, లక్కతో ఆ చోట అతికించాను. విల్లులా వంచేంత వ్యవధి లేదు. కాబట్టి ఆ రోజు నుంచి మా పట్టడలో పుట్టిన ప్రతి లక్ష్మణుడూ చేతిలో కర్ర పట్టుకునే పుట్టాడు. నేను కొరికిన చోట కర్ర కొన కాస్త వంకర కూడా తిరిగింది. రెండేళ్లు ఎవరూ కనిపెట్టలేదు. నేనూ మరిచిపోయాను.

మేము బాడుగకున్న పోర్షన్ల యజమాని కాసుల తాత. పప్పుల మండీలో లెక్కలు రాసి రిటైరైన మనిషి, ఆయనకు పాత నాణేలంటే ప్రాణం. ఒక చెక్కపెట్టె నిండా కాసులు, ఒక్కోదానికి ఒక్కో గుడ్డ సంచి. కాసు మంచిదా కాదా అన్నది ఆయన కంటితో చూసేవాడు కాదు; నేలకేసి కొట్టి చెవితో తేల్చేవాడు. టి. నగర్‌లో నాణేలు అమ్మే షావుకార్లు కూడా ఆయన ముందర కాసు తీయాలంటే కొంచెం జంకేవారట. అంతటి మనిషికి కంప్యూటర్‌లో వేలంపాట జరుగుతుందని ఎవరో చెప్పారు. కంటికి ఆపరేషన్ అయి రోడ్డు దాటలేని స్థితి. అందుకని ఆదివారం పూట ఆయన భార్య, మా అవ్వ, నన్ను తోడు పంపింది. "ఆడ ఏం జరుగుతాదో చూసి నాకు చెప్పు పాపా. ఈయన చెప్పేదాంట్లో సగమే నిజం ఉంటాది."

సెంటర్‌లో కూర్చునే పిల్లను మేము కంప్యూటరమ్మ అనేవాళ్లం. ఇంట్లో తెలుగు, బయట అరవం మాట్లాడే మా వీథి పిల్లే. ఆమె ఏదో నొక్కింది. టెలిఫోన్ కీచుమని అరిచి ఊరుకుంది. ఆ రోజుల్లో బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి కిందికి తెర దించినట్టు మెల్లగా దిగేది. మొదట గొడుగు దిగింది. తర్వాత రాములవారి కిరీటం.

"వెండి రామటెంకి, రెండువందల ఏండ్లనాటిది అని రాసుండాది తాతా," అని కంప్యూటరమ్మ చదివింది. "చాలా అరుదైన రకం. లక్ష్మణుడి చేతిలో విల్లుకు బదులు కట్టె ఉండాదంట. ప్రపంచంలోనే ఇది ఒక్కటేనంట."

బొమ్మ ఇంకా లక్ష్మణుడి నడుము దాకానే వచ్చింది.

"కట్టె!" అన్నాడు తాత. "ఉండదా మరి? పద్నాలుగేండ్లు నిద్ర లేకుండా కావలి కాసినోడు. కావలివాడి చేతిలో కట్టె లేకుంటే ఏముంటాది? అబ్బా, ఆ చేసిన శిల్పి ఎంత ఆలోచించినాడో చూడు!"

ఆ శిల్పిని నేనే, ఆయన పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెమటలు కక్కుతున్నాను. బొమ్మ పాదాల దాకా దిగింది. కర్ర కొన వంకరగా ఉంది. నా పంటిగాటు.

తాత ముందుకు వంగి తెరను గోటితో టకటక కొట్టి చెవి పెట్టాడు.

"అయ్యో తాతా, మానిటర్ని తట్టొద్దు! ఓనర్ నన్ను తిడతాడు!"

"మోగలేదే!"

"బొమ్మ ఎట్లా మోగతాది తాతా?"

మోగని కాసుకు ఆయన పాట పాడేశాడు. నేను ఏసీ వంక చూస్తూ కూర్చున్నాను. నిజం చెబితే మామ పట్టడలోంచి తరిమేస్తాడు. ఆ పని తప్ప నాకు ఇంకోటి రాదు. దారిలో తాత సంతోషంగా చెప్పాడు. గురువారం సాయంత్రం ఆరింటికి వేలం ముగుస్తుందట. పాడిన డబ్బు కోసం చెక్కపెట్టెను మొత్తంగా టి. నగర్ షావుకారుకు ఇచ్చేస్తున్నాడట. "నలభై ఏండ్ల కాసులు పోతే పోనీ పాపా. ఇట్లాంటిది ఒక్కటి చాలు."

మరునాడు పొద్దున మామ కొలిమి రాజేస్తుండగానే కక్కేశాను. సూది, తీగ, లక్క, వేలం, అన్నీ. మామ ఒక కాసు తీసి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమే! రెండేండ్లుగా లక్ష్మణస్వామి చేతికి కట్టె ఇచ్చి ఊరంతా అమ్ముతా ఉండానా నేను? నా కండ్లు యాడ పెట్టుకోనుండా?"

"తూకంలో ముల్లు మీద పెట్టుకోనుండావు మామా."

నోరు జారింది. మామ చెయ్యి లేచింది గాని, మధ్యలో ఆగి నెత్తి గోక్కుంది. "గుడిలో పంచేదానికని సంచులకు సంచులు ఎత్తుకోని పోయినాడే జరీ పంచె ఆయన... వాడేనా? మనం పూజకాసని చెప్పి అమ్మితే వాడు పురాతనం చేసినాడా? పో, ఒక గంప కాసులు ఎత్తుకోని పోయి తాత ముందర కుమ్మరించు. నీ సంగతి తర్వాత చూస్తా."

ఆ సాయంత్రం తాత వరండాలో గంప బోర్లించాను. ప్రపంచంలో ఒక్కటే అయిన కాసులు గలగలమని నేలంతా దొర్లాయి. ఒకటి అవ్వ మంచం కిందికి పోయింది.

"ఇది ఏ కాలంనాటిది?" అని తాత మెల్లగా అడిగాడు.

"పోయిన ఆడి నెలది తాతా. నేనే చేసినా."

ఆయన ఒకటి తీసి నేలకేసి కొట్టాడు. మోగలేదు, టప్పుమంది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. అవ్వకు నవ్వు ఆగలేదు. "శిల్పి ఎంత ఆలోచించిందో అడగండి ఇప్పుడు!"

తాత నవ్వలేదు. "పాట పాడేసినా కదా," అన్నాడు. "మా నాయన మండీలో పాడిన పాట ఒక్కనాడూ వెనక్కి తీసుకోలేదు. నాకే వస్తే నేను ఎత్తుకోవాల్సిందే. ఇత్తడైనా సరే."

"అది పాట కాదు, మోసం!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

"మోసం వాడిది. మాట నాది."

అప్పుడు అర్థమైంది నాకు, తాతకు నిజం తెలిస్తే చాలదని. కంప్యూటర్‌లో వేలం నడిపేవాళ్లే ఆ కాసును తీసేయాలి. అదీ గురువారం ఆరు లోపల. లేకపోతే నేను పంటితో కొరికిన తీగముక్కకు ఆ చెక్కపెట్టె పోతుంది.

మంగళవారం నేనూ తాతా మళ్లీ చెప్పులు విడిచాం. ఫిర్యాదు చేయడానికి కంప్యూటర్‌లోనే ఒక ఫారం ఉందట. తాత ఇంగ్లీషులో కలెక్టరుకు అర్జీ పెట్టినట్టు వినయంగా చెబుతూ పోయాడు. కంప్యూటరమ్మ విసుక్కుంది. "ఇంత చోటు లేదు తాతా. నకిలీ అని ఎట్లా తెలుసు అని అడగతా ఉండారు, దానికి చెప్పండి."

"నేనే చేసినానని రాయి," అన్నాను.

"అట్లా రాస్తే నిన్నే పట్టుకోని పోతారక్కా!"

నేను వెనక్కి తగ్గలేదు. "రాయమ్మా. పూజకు చేసినా, పాతదని చెప్పి నేను అమ్మలేదు. విల్లు ఎట్లా ఊడిందో అదీ రాయి. కట్టె కొన వంకర ఎందుకుందో అదీ రాయి." అంత మాట నేనే అన్నానా అని ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ పిల్ల టకటక కొట్టింది. తర్వాత రుజువు కావాలంది. జెరాక్స్ మిషన్ మాదిరే బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె ఒకటుంది. దాని అద్దం మీద పన్నెండు కాసులు వరసగా పేర్చాను. తెర మీద పన్నెండుమంది లక్ష్మణులు పన్నెండు వంకర కర్రలు పట్టుకుని, పోలీసు కవాతులో నిలబడ్డట్టు వచ్చారు. కంప్యూటరమ్మ పడీ పడీ నవ్వింది. పక్క కంప్యూటర్ దగ్గర ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటున్న ఆయన లేచి వచ్చి చూసిపోయాడు.

బుధవారం జవాబు లేదు. గురువారం మధ్యాహ్నం నాలుగైనా లేదు. షావుకారు మనిషి ఆటోలో వచ్చి తాత వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పెట్టె ఆయన కాళ్ల దగ్గరే ఉంది. నేను పట్టడ నుంచి మసి చేతులతోనే సెంటర్‌కు పరుగెత్తాను. కంప్యూటరమ్మ నొక్కింది. టెలిఫోన్ అరిచింది. పేజీ తెరుచుకుంది. గొడుగు దిగుతుందని చూస్తున్నాను. దిగలేదు.

"లైన్ పోయిందా?"

"లైన్ ఉండాదక్కా." ఆ పిల్ల తెరకు ముక్కు ఆనించింది. "బొమ్మే లేదు. తీసేసినారు! నకిలీ అని ఫిర్యాదు వచ్చినందువల్ల ఈ వేలం రద్దు, పాడినవాళ్లెవరూ కట్టక్కర్లేదు అని రాసినారు. వాడు పెట్టిన ఇంకా తొమ్మిది కాసులు కూడా పోయినాయి. అక్కా, నువ్వు సెమ!" (అదిరిపోయావని అరవంలో అట్లా అంటారు.)

ఖాళీ తెరను అంత ప్రేమగా చూసినవాళ్లు లోకంలో ఇంకెవరూ ఉండరు. ఆ పేజీని ప్రింటు తీయించుకుని, చెప్పులు మరిచిపోయి, ఉత్త కాళ్లతో వీథంతా పరుగెత్తాను. తాత దాన్ని మూడుసార్లు పైకి చదివించుకున్నాడు. (చదివింది షావుకారు మనిషే, పాపం.) మాట తప్పకుండానే మాట నుంచి బయటపడిన ఆ ముసలాయన పెట్టెను ఒళ్లోకి లాక్కుని, "కాఫీ బాగుండాదా అప్పా? అయితే ఇంకొక లోటా తాగి బయల్దేరు," అన్నాడు. మామ కూడా ఆ రాత్రికి చల్లబడ్డాడు. అచ్చుకాసుకు కొత్త విల్లు నా చేతనే చేయించాడు, ఈసారి టీకి పోకుండా పక్కనే కూర్చుని.

గెలుపు మాత్రం నా తలకెక్కింది. ఆ తర్వాత ఒక నెల పాటు నా చేతికొచ్చిన చిల్లరంతా పరీక్షే. బస్సు కండక్టర్ ఇచ్చిన అర్ధరూపాయిని వెలుతురుకు పట్టి చూసేదాన్ని. పాలమనిషి ఇచ్చిన రూపాయిని గుమ్మం మీద మోగించేదాన్ని. హార్బర్ దగ్గర చేపలమ్మే ఆవిడ ఓపిక పట్టి పట్టి ఒకరోజు గంప మూసేసింది. "ఏందమ్మే, రూపాయి బిళ్ళను అట్లా తిప్పి తిప్పి చూస్తా ఉండావు? చేపను చూడు. చెడిపోయేది అది!"

నేను ఆమె వంక జాలిగా చూసి (పాపం, ఎవరితో మాట్లాడుతోందో ఆమెకు తెలియదు కదా అని), కొంగు సర్దుకుని, బిళ్ళను ఇంకోసారి తిప్పి, "మంచిదే," అని తీర్పు చెప్పి నడిచాను. చేప తీసుకోవడం మరిచిపోయాను.

అప్పటి ఆ పిల్ల, అంటే నేనే, ఇప్పుడు ఎదురైతే, వెనక్కి పోయి చేప తెచ్చుకోవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పను. మలుపు దాకా ఆ తల అట్లాగే ఎత్తుకుని నడవనీ.