జానమ్మ ఒక్క పత్త

హాలియా బస్టాండు ముందు చాయ హోటలు నడిపే జానమ్మ జోస్యం చెబుతుంది. ఒకే ఒక్క పత్తతో, అంటే పేకముక్కతో. ఆ ఒక్కదాన్నే కలుపుతుంది.

ఒక్క పత్తను ఎట్లా కలుపుతారని అడగకండి. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, ఎడమ నుంచి కుడికి. ఊది, నుదుటికి ఆనించి, "ఒకటి తియ్యి" అంటుంది. తీసేవాడూ తక్కువవాడు కాదు. కాసేపు ఆలోచించి తీస్తాడు.

అది మనవరాలు అనూహ్య పట్నంలో కొన్న టారో అనే జోస్యపు పత్తల కట్టలోది. పూల అంగీ తొడుక్కున్న పడుచువాడు, చేతిలో కప్పు, కప్పులోంచి తల బయటపెట్టి అతనితో మాట్లాడే చేప. అనూహ్య పుస్తకం చూసి అర్థం చెప్పింది.

"కప్పుల గులాం, అవ్వా. మనసుకు కబురు తెచ్చేటోడు. చేపంటే అనుకోకుండ వచ్చే ఆలోచన. అది చెప్పేది వినాలె."

"చేపను వినుడేందే? వండాలె గాని!"

అయినా అర్థం పట్టుకుంది. అప్పటినుంచి ఎవరేమడిగినా చేపే జవాబు. సంబంధం కుదురుతదా? చేప నవ్వుతాంది, కుదురుతది. బోరేస్తే నీళ్లు పడతయా? చేప బయటికొచ్చింది, లోపల నీళ్లు లేవు, వెయ్యకు. ఆయాసంతో వచ్చిన ఆటో మల్లేష్ అయితే పత్త చూడగానే కళ్లు మూసుకొని నోరు తెరిచాడు.

"ఏందిరా?"

"మృగశిర నాటి చేప మందే గదా అక్కా? వెయ్యి."

జానమ్మ వేసింది. చేప కాదు, మిరపకాయ బజ్జి. మల్లేష్ ఆయాసం మరిచి నీళ్లకోసం ఉరికాడు.

గొర్ల భిక్షపతికి మాత్రం ఇది నవ్వులాట కాదు. రెండు కళ్లకూ పొర వచ్చింది. పక్క మందలోని పొట్టేలును తనదనుకొని ఇంటికి తోలుకొచ్చాడు. మరునాడు సిమెంటు బస్తాను అదిలించాడు. పొర తీయించుకోకపోతే మందను అమ్మేస్తానని కొడుకు తేల్చి చెప్పాడు. మంద లేకపోతే భిక్షపతికి పొద్దు గడవదు. కంటిదాకా కత్తి వస్తుందంటే ప్రాణం నిలవదు. పొద్దున్నే కోడలు భాగ్యలక్ష్మి నల్లగొండ దవాఖానకు బయల్దేరదీస్తే బస్టాండులో మొండికేశాడు.

"జానక్క పత్త పొమ్మంటెనే పోత."

"బస్సు వస్తాంది మామా!"

జానమ్మ తీరిగ్గా కలిపింది. ఊదింది. భిక్షపతి తీశాడు.

"ఏం కనిపిస్తాందిరా?"

"మబ్బు."

"చేప?"

"మబ్బే."

"గట్లయితే చెప్పరాదు. అడిగినోడే పత్తను చూడాలె. పోయి కన్ను బాగు చేయించుకొని రా. అప్పుడు చూసి చెప్త, ఆపరేషనుకు పోవాల్నో వద్దో."

భిక్షపతికి న్యాయంగానే తోచింది. బస్సెక్కాడు. ఎక్కడో ఏదో తేడా ఉందని నల్లగొండ పొలిమేర చేరాక అనుమానం వచ్చింది. కోడలు చెయ్యి వదల్లేదు.

రెండు వారాలకు నల్లద్దాలు పెట్టుకొని వచ్చాడు. పత్త చూశాడు. చేప కనిపించింది. పడుచువాడి అంగీ మీది పూలను ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఆ జోరులో గల్లా వెనక మూత తీసి ఉన్న బిస్కెట్ల డబ్బాలోకి కూడా తొంగి చూశాడు.

లోపల మిగతా డెబ్బై ఏడు పత్తలు.

ఒకటి తీశాడు. గుర్రమెక్కిన ఎముకల గూడు. ఇంకొకటి తీశాడు. బోర్లా పడ్డ మనిషి, వీపున పది కత్తులు. భిక్షపతి అద్దాలు సర్దుకున్నాడు.

"అక్కా! గిన్ని పత్తలుండంగ గా ఒక్కటే ఎందుకు తిప్పుతవు?"

జానమ్మ చాయ వడగడుతూ తల తిప్పలేదు.

"నువ్వు కత్తికి భయపడుకుంట వచ్చినవు. గా కత్తులది చేతికొస్తే బస్సెక్కుదువా?"

భిక్షపతి ఆలోచించాడు. రెండు పత్తలనూ డబ్బా అడుగుకు తోసి, మూత గట్టిగా పెట్టాడు.

ఇంతలో నర్సింగమ్మ జోస్యం అడగడానికి వచ్చింది. కొంగుతో మాటిమాటికీ మొహం తుడుచుకుంటోంది. కూతురి పరీక్ష ఫలితాలు ఆ మధ్యాహ్నమే.

భిక్షపతి చప్పున డబ్బా మీద కూర్చున్నాడు. నర్సింగమ్మ అటు చూసింది.

"గా డబ్బాల ఏముంది మామా?"

"బిస్కెట్లు. మెత్తవడ్డయి బిడ్డా. తినేటట్టు లేవు."