ఆ కొనకు పుల్లలున్నయా?

పొయ్యి మీద బియ్యం గంజి ఉడుకుతుంటే లేచే ఆవిరితో పన్నెండు రోజులుగా నాకు తెల్లవారుతున్నది. మా ఆయనకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు జారి, ఎడమ చేయి పడిపోయింది. దవాఖాన నుంచి పంపేటప్పుడు మెత్తటిదే పెట్టమన్నారు. గిన్నె మీదికి వంగి ఆ వాసన పీల్చినప్పుడల్లా సిద్దిపేటలో మా పాత వాడ, పొద్దున్నే వీధి పొడుగునా సాగదీసిన పడుగు నూలు కళ్ల ముందుకు వస్తాయి.

మాది మగ్గం ఇల్లు. నేను బడికి పోలేదు. మాకు అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. నేత ఆపినప్పుడల్లా అవ్వ మగ్గం గుంత గట్టు మీద సుద్దతో అక్షరాలు దిద్దించేది, భివండి మరమగ్గాల్లో పని చేసే బాపు రాసిన ఉత్తరాలే నా వాచకం. చలి వెనక్కి తగ్గి, సంక్రాంతి సకినాలు డబ్బా అడుగున నూకలుగా మిగిలి, మేం పిల్లలం అరుగుల మీద చింతగింజలాటకు కూర్చునే రోజుల్లో, ఎండ ముదరకముందే నూలుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి, వీధిలోనే ఆరబెట్టేవారు. పోగులు కలిసిపోకుండా రెండు కొనల దగ్గరా సన్నని వెదురు పుల్లలు దూర్చేవారు, ఒక పోగు పుల్ల పైనుంచి, పక్క పోగు కిందినుంచి పోయేలా. ఆ పుల్లలు ఉన్నంతవరకే ఏ పోగు తర్వాత ఏ పోగో తెలుస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపుకు భివండిలో కామెర్లయ్యాయి. నయమైతే కొమురవెల్లిలో మల్లన్న దేవేరి మేడలమ్మకు తన చేతులతో నేసిన చీర పెడతానని అవ్వ మొక్కింది. బాపు కోలుకున్నాడు. ఉగాది ముందరి ఆదివారానికి వస్తున్నానని ఉత్తరం రాశాడు. ఆ ఆదివారానికి చాలా ముందే, ఒక పొద్దున, ఆ చీర కోసం పడుగు పరిచాం. మేకలు రాకుండా నన్ను కాపలా పెట్టి, అవ్వ నీళ్లకు పోయింది.

ఎక్కడి నుంచి వచ్చిందో చెడగొట్టు వాన, చినుకులు మొదలయ్యాయి. పడుగు తడిస్తే మొక్కు పోతుందని భయపడి, తొందరగా చుట్టేద్దామని, నా వైపు కొనలో ఉన్న పుల్లలన్నీ పీకి పారేసి నూలును గుంజాను. నేతింట పుట్టిన ఏ పిల్లా చేయకూడని పని అది. అవ్వ వచ్చేసరికి నా వైపు నూలంతా నా చేతుల్లో తడి ముద్దయి ఉంది.

"అయ్యో మల్లన్నా! మొక్కు పాయె. మీ బాపు పానం మీదికి తెచ్చినవ్ గదనే!" అని అవ్వ తల కొట్టుకుంది. నేను నిజంగానే నమ్మాను. బాపు కళ్లు మళ్లీ పసుపుపచ్చబడటం నాకు అక్కడే, ఆ వానలోనే కనబడింది.

బాపు తల్లి, మా బాపమ్మ, కొంగు తల మీదికి లాక్కుంటూ గడపలోకి వచ్చింది. "వానల ఏడిస్తె కన్నీళ్లు ఎవలకు కానస్తయే? లోపటికొచ్చి ఏడ్వున్రి," అంది. మమ్మల్ని కూర్చోబెట్టి, అవ్వకు చెంబుతో నీళ్లిచ్చి, నూలు ముద్దను తన ఒళ్లోకి తీసుకుంది.

"తెగిందా, చిక్కువడ్డదా?"

"ఏం జెప్పాలె అత్తా, అంత పాయె."

"నోరు గట్లనే అంటది. చెయ్యి వెట్టి సూడు."

అవ్వ వేళ్లతో తడిమింది. తెగినవి కొన్నే. అప్పుడు బాపమ్మ నా వైపు తిరిగింది. "బిడ్డా, ఆ కొనకు పుల్లలున్నయా?"

నేను ఉరికాను. అంతదూరం నా తొందర చేరనేలేదు. వీధి చివర, తడుస్తూ, పుల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఉన్నయే బాపమ్మా!"

"ఉంటె ఇంకేంది? ఆడికెల్లి వద్దాం."

రెండు రోజులు పట్టింది. ఆ కొన నుంచి ఒక్కొక్క పోగూ విడదీసుకుంటూ, తెగినచోట అవ్వ ముడి వేస్తూ, నేను పట్టుకుని కూర్చుని, ఇటు కొనకు వచ్చాం. నన్నెవరూ మళ్లీ తిట్టలేదు. చీర పూర్తయ్యాక అవ్వకు కొత్త దిగులు, అమ్మవారికి ముడుల చీరా అని. "ఆమెకు ఇల్లు లేదా, సంసారం లేదా? ముడి అంటె ఎరుకలేదా?" అంది బాపమ్మ. ఆదివారం కొమురవెల్లిలో బాపు నుదుటి నిండా బండారి పసుపు. నేను మాత్రం ఆయన కళ్లనే చూస్తూ నిలబడ్డాను. తెల్లగా ఉన్నాయి.

ఇప్పుడు ఆ వీధి సిమెంటు రోడ్డు, ఈ చివర నుంచి ఆ చివరదాకా బండ్లే. పడుగు పరిచేవాళ్లు లేరు, మా మగ్గం గుంత పూడ్చి బండలు వేశారు, అవ్వా బాపమ్మా లేరు. దవాఖానలో ఉన్నప్పుడు మా ఆయన మంచం పక్కన నిలబడి నేనూ అవ్వలాగే "అంత పాయె" అన్నాను. అన్నాక నా చెయ్యి దానంతటదే ఆయన కుడిచేతిని వెతికింది. ఆ వేళ్లు నా వేళ్లను గట్టిగా పట్టుకున్నాయి. మల్లన్నకు అక్కడే మనసులో దండం పెట్టుకున్నాను.

గంజి చల్లారింది. తాగిద్దామని చెంచా ఎత్తితే, "నేను తాగుత తియ్యి," అన్నాడు, మాట కొంచెం ముద్దగా. చెంచా ఆయన కుడిచేతికి ఇచ్చాను. సగం గంజి అంగీ మీదే పడుతున్నది. నేను తుడవకుండా కూర్చున్నాను, ఆయన కానిచ్చేదాకా.