మామ్మ కోసం ఆగిన పాట

పోయిన మంగళవారం పొద్దున్న చర్చి వాట్సాప్ గ్రూపులో కబురు చూశాను. మా పాటల మాస్టారు ఇక లేరు. తెలుగు నేలకి దూరంగా ఉన్న మా రైల్వే ఊళ్ళోనే, ఝపటాపూర్‌ పేటలో కొడుకు ఇంట్లో, టీ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే ఒరిగిపోయారట. మలంచాలో మా ఇంటి నుంచి అక్కడికి ఆటోలో ఎంతోసేపు పట్టదు. అయినా ఆరేళ్ళుగా వెళ్ళి చూసిరాలేదు. అడిగినవాళ్ళకి తీరిక లేదని చెప్పేదాన్ని. అది అబద్ధం. నాకు ముఖం చెల్లలేదు.

ఎందుకు చెల్లలేదో ఇవాళైనా చెప్పుకోవాలి.

ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆదివారం మాత్రం న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగు చర్చిలో పాటలు ఎత్తుకునేవారు. హార్మోనియం లేదు, తబలా లేదు. గొంతు సవరించుకుని మొదటి మాట అందుకుంటే మేమంతా వెనకే వెళ్ళేవాళ్ళం. ఎంత తోమినా గ్రీజు వదలని గోళ్ళతో ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ గాల్లోనే ఉండేది. ప్రతి పాదం చివరా అరచెయ్యి మా వైపు తిప్పి ఆపేవారు. చూపు మాత్రం రెండో వరసలో. అక్కడ ఆయాసం ఉన్న మామ్మ ఒకావిడ కూర్చునేది. ఆవిడ ఊపిరి తీసుకున్నాక గానీ ఆ చెయ్యి దిగేది కాదు.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. ఆ నత్తనడకంటే చిరాకు. "మాస్టారూ, మన పాట ఎప్పుడూ లేటే" అని ఆటపట్టించేదాన్ని.

"మనది పాసింజరు బండి తల్లీ," అనేవారు నవ్వుతూ. "అందరూ ఎక్కినాకే కదలాల."

ఆ రోజుల్లోనే గోల్ బజార్‌లో ఎంపీత్రీ ప్లేయర్లు దిగాయి. అప్పటిదాకా క్యాసెట్లు నలిగి, సీడీలు గీతలు పడి మమ్మల్ని ఏడిపించినవే. ఇదేమో అగ్గిపెట్టె కన్నా చిన్నది, మెడలో వేసుకోడానికి తాడు, ముందు చిన్న తెర. వందల పాటలు పడతాయన్నారు. ఒకటి కొన్నాను. వాయిద్యాలే తప్ప గొంతు ఉండని ట్రాకులు కంప్యూటర్లోంచి ఎక్కించి, పొడుగాటి వైరుతో చర్చి స్పీకరుకి తగిలించి, మాస్టారి మెడలో వేశాను. ఆయన ఎంత మురిసిపోయారో! తెలుగులో పెట్టిన పేర్లు ఆ తెర మీద అక్షరాల బదులు గళ్ళుగళ్ళుగా వచ్చేవి. అందుకని ఏ పాటకి మీట ఎన్నిసార్లు నొక్కాలో పాటల పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకున్నారు.

రెండు ఆదివారాలు గడిచాక నన్ను పక్కకి పిలిచారు.

"ఇది మద్దిలో ఆగదేటమ్మా?"

"ఎందుకాగదు మాస్టారూ? ఈ మీట నొక్కితే ఆగుతుంది, మళ్ళీ నొక్కితే సాగుతుంది. దీన్ని పాజ్ అంటారు."

"అలాగయితే ఠీక్ హై" అన్నారు. ఎందుకడిగారో నేను ఆలోచించలేదు.

తరవాతి ఆదివారం మొదటి పాదం అవగానే వాయిద్యాలు టక్కున ఆగిపోయాయి. మామ్మ ఊపిరి తీసుకుంది. మాస్టారు మళ్ళీ మీట నొక్కారు. రెండో పాదం చివర మళ్ళీ ఆగింది. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి, అందరి ముందూ ఆయన మెడలోంచి ఆ తాడు తీసేశాను.

"ఇలా వాడేది కాదు మాస్టారూ ఇది. మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను."

ఆయన పాటల పుస్తకం మూసి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు పాటలు ఎక్కడా ఆగకుండా సాగాయి, అందరూ మెచ్చుకున్నారు. నాకు సంతోషమే వేసింది, దాచడం ఎందుకు. ఆయన మళ్ళీ ఎప్పుడూ ముందుకొచ్చి పాట ఎత్తుకోలేదు. ప్లేయరు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, అదీ పోయి ఫోన్ వచ్చింది. మామ్మ మాత్రం ఆ వేగం అందుకోలేక మెల్లగా పాడటం మానేసింది.

మోకాళ్ళు పట్టేసి మాస్టారు చర్చికి రావడం మానేశాక, ఆరేళ్ళ కిందట ఒకసారి బజార్లో కనబడ్డారు. ఎలా ఉన్నావని నన్ను అడగనేలేదు.

"మామ్మ మళ్ళీ పాడతందా?" అన్నారు.

"పాడుతోంది మాస్టారూ" అన్నాను. ఆయన తృప్తిగా తలూపారు. క్షమించమని అడగాల్సిన చోట అబద్ధం చెప్పి వచ్చేశాను. ఆ తరవాత ఇక ఆయన గుమ్మం తొక్కలేకపోయాను.

బుధవారం సమాధుల దగ్గర పాట పెట్టే పని నాదే. ఫోనూ, చిన్న స్పీకరూ. ఎనభై దాటిన మామ్మ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆయనకి ఇష్టమైన పాట పెట్టాను. మొదటి పాదం అవగానే పాజ్ నొక్కాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మామ్మ ఊపిరి తీసుకుంది. నేను మళ్ళీ నొక్కబోతే తల అడ్డంగా ఊపింది.

"దాన్ని ఒగ్గేయమ్మా" అంది.

రెండో పాదం ఆవిడే ఎత్తుకుంది. సన్నటి గొంతు, తాపీగా. మేమూ కలిశాం. కానీ ఇన్నేళ్ళూ ఆ ట్రాకుల వెంట పరిగెత్తినవాళ్ళం కదా, నిదానించడం చేతకాక రెండు మాటలు ముందుకెళ్ళిపోయాం. మామ్మ కోడలి చెయ్యి వదిలేసింది. ఆయాసంతో ఎగసిపడుతూనే కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి మా వైపు తిప్పి పట్టుకుంది. మేమంతా ఆగాం.