కాలేషా మెకానిక్కు, ఆకాశంలో పేలిన ఇంజను

బందరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే కాలేషాకు ఒక పట్టుదల ఉండేది. ఏ ఇంజనూ చచ్చిందని ఒప్పుకునేవాడు కాదు. డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి ఎడ్లబళ్ల మీద తెచ్చిన ఇంజన్ల నిండా బురద, ఉప్పు నీళ్లు. పాత ఇనుముకు వేసేద్దామన్నవాటిని కూడా విప్పి, కడిగి, మళ్లీ బుడుబుడుమనిపించాడు.

అలాంటి మనిషికి డెబ్బై తొమ్మిదిలో ఒక శుక్రవారం గట్టి దెబ్బ తగిలింది. భార్య హమీదా వారపత్రికలోని సీరియల్ పైకి చదువుతోంది. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథ అది. ‘ఉన్నట్టుండి ఇంజను పదివేల ముక్కలుగా పేలిపోయింది’ అన్న వాక్యంతో ఆ వారం భాగం అయిపోయింది.

“ఉన్నట్టుండి ఎలా పేలుతుంది?” కాలేషా అన్నం ముందు నుంచి లేచినంత పని చేశాడు. “ముందు శబ్దం మారుతుంది. పొగ నల్లబడుతుంది. ఇంజనన్నాక ఒక మాట చెప్పకుండా పోదు.”

“కథే కదండీ!”

“ఓడలో ముప్ఫై మంది ఉన్నారు హమీదా!”

మర్నాడు పత్రికలో వేసిన రచయిత చిరునామా పట్టుకుని, పామర్రులో బస్సు మారి గుడివాడ వెళ్లాడు. రచయిత గోవర్ధనరావు అక్కడి పోస్టాఫీసులో గుమాస్తా. నూనె మరకల చొక్కాతో వచ్చిన మనిషి, “ఆ ఇంజను పేల్చింది మీరేనాండీ?” అని అడిగేసరికి ఆయన చేతిలో ముద్ర అలాగే ఆగిపోయింది.

సంగతి తెలిశాక ఆయన నీరసంగా నవ్వాడు. “పేల్చేశాను గానీ, ఓడని ఎలా కదిలించాలో తోచక నాలుగు రోజులుగా నిద్ర లేదండీ.”

కాలేషా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “పేలింది సైలెన్సరయ్యుంటుందండీ. కాలని ఆయిలు అందులో చేరి అంటుకుంటే ఇంజనే పోయిందనుకుంటారు. ముక్కలన్నీ దాని రేకులే. ఇక ఇంజనాగింది ఎందుకంటారా, ఆయిలొచ్చే పైపులో గాలి చేరి ఆయిలు అందకుండా పోయుంటుంది.”

“ఆకాశంలో గాలెక్కడిదండీ?”

“మనుషులు పీల్చడానికి ఓడలో పెట్టుకున్నారుగా. అదే దూరింది.”

గోవర్ధనరావు కళ్లు మెరిశాయి. గబగబా రాసుకున్నాడు. అంతవరకు ఓడలో మెకానిక్కే లేడని అప్పుడు గుర్తొచ్చింది. ఏం పేరు పెడదామని అడిగాడు.

“హమీదా అని పెట్టండి,” అన్నాడు కాలేషా సిగ్గుపడుతూ.

రెండు వారాల తర్వాత సీరియల్లో తన పేరు కనబడగానే హమీదా చదవడం ఆపేసింది. “నన్నడక్కుండా నక్షత్రాల్లోకి పంపించారా? ఇంట్లో వంటెవరు చేస్తారు?” అని మండిపడింది. కానీ మిగతాది గబగబా చదివేసింది. పైపులోని గాలి తీసి ముప్ఫై మందినీ కాపాడింది తనే మరి!

పది వారాల్లో అయిపోవాల్సిన సీరియల్ నలభై వారాలు నడిచింది. ఆదివారం వస్తే గోవర్ధనరావు బందరు బస్సెక్కి షెడ్డులో వాలేవాడు. ఓడ ఇంజను పదకొండు సార్లు చెడింది, ప్రతిసారీ కొత్త కారణంతోనే. ఎవరూ చావలేదు.

ఒకసారి మాత్రం ఆయన కథలోని హమీదాను ఇంజను పక్కన కూర్చోబెట్టి ఏడిపించాడు. ఇక్కడి హమీదా ఊరుకోలేదు. కార్డు ముక్క రాసి పడేసింది: ‘చేతిలో స్పానరున్నదానికి ఏడవడానికి తీరికెక్కడుంటుందండీ?’

ఆ పైన ఓడలో ఆమె కంట తడి పెట్టలేదు.