లోటాలో రైలు కూత

నా చిన్నప్పుడు నాచారంలో జరిగింది ఇది. ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా ఇంట్లో నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీకా శ్రమ వద్దు, తీసేయాల్సింది ఏదో చివర్లో నేనే చెబుతాను.

మా తాతయ్య రైల్వే గేట్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత మతిమరుపు వచ్చి మా పేర్లన్నీ పోయినా, గేటు మాత్రం మిగిలింది. ఐదు వాటాలకూ కలిపి ఉన్న మా ఇనుప గేటే ఆయనకు రైల్వే గేటు. రోజూ దూరాన పట్టాల మీద పోయే బండి కూత వినబడితే చాలు, మూసేసి గొళ్లెం పట్టుకుని నిలబడేవాడు. ఈ సంగతి కనిపెట్టిన శాస్త్రవేత్తను నేను. స్టీలు లోటాలో మూతి పెట్టి నేను కూత పెడితే నిజం రైలు కూడా సిగ్గుపడేది.

ఒక ఎండాకాలం పొద్దున తాతయ్యను కనిపెట్టుకుని ఉండమని నాకప్పగిస్తే, అలాగే కూత పెట్టి, ఆయన గేటు మూయగానే గోడ దూకి క్రికెట్‌కు పోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గేటు ముందు జనం. వరస ఘట్‌కేసర్ దాకా ఉంది. తాతయ్య ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు. అన్నం తినలేదు, నీళ్లు ముట్టలేదు. రైలూ లేదు, నీ ఉద్యోగమూ లేదని నాన్న నచ్చజెప్పినకొద్దీ గొళ్లెం ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాడు.

"బండి ఇంకా దాటలే. తీస్తే పోరగాండ్లు సస్తరు" అని ఏడుస్తున్నాడు. కూత పెట్టింది నేనేనని తెలియకుండా జనం వెనక్కి జారుకున్నాను.

పక్కింటి అక్క దవాఖానాలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, ఎవరితోనూ వాదించకుండా, గేటు ఎప్పుడు తీస్తావని తాతయ్యనే అడిగింది. బండి దాటిందని స్టేషన్ నుంచి ఫోన్లో నంబరు రావాలట. ఆమె గోడ చాటుకు వెళ్లింది.

"హలో, గేటేనా? స్టేషన్ నుంచి మాట్లాడుతున్న. బండి దాటిపోయింది. నంబరు రాస్కో, నలభై ఏడు."

"నలభై ఏడు" అన్నాడు తాతయ్య. గొళ్లెం తీశాడు. అరుగు మీద కూలబడి చెంబెడు నీళ్లు తాగాడు.

నేను గోడ మీద మరిచిపోయిన లోటాను అక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "కూత వెట్టినోడే బండిని దాటించాలె. రేపటి సంది నంబరు నువ్వే ఇయ్యాలె" అంది. నా సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదామె. చెప్పి తన్నించినా బాగుండేది. ఇక తాతయ్య బతికినన్నాళ్లూ రోజూ గోడ చాటు నుంచి నంబరిచ్చాను.

ఇప్పుడు మా అమ్మకు అదే జబ్బు. నల్లా వచ్చిందా, బిందెలు పెట్టినవా అని రోజుకు వెయ్యిసార్లు అడుగుతుంది. మనకు ట్యాంకుంది కదమ్మా అని ఈ మధ్యదాకా కసురుకునేవాణ్ని. పోయిన వారం ఉప్పల్లో, ఇలాంటివాళ్లతో ఎలా మాట్లాడాలో ఇంట్లోవాళ్లకు నేర్పే శిక్షణకు వెళ్లాను. కాదనకండి, వాళ్లున్న చోటికి మీరే వెళ్లండి అని మేడమ్ చెబుతుంటే అందరూ రాసుకున్నారు. నేను తల దించుకున్నాను. నాకది పదేళ్లప్పుడే చెప్పారు.

ఇప్పుడు "అన్నీ నిండినయమ్మా" అంటున్నాను. ఒక్క పూటా నాగా పెట్టడం లేదు.

ఇక తీసేయాల్సింది. వరస ఘట్‌కేసర్ దాకా లేదు, ఏడుగురే. తాతయ్య బతికినన్నాళ్లూ నంబరిచ్చానన్నది పచ్చి అబద్ధం. రెండు రోజులిచ్చాను. మూడో రోజు మ్యాచ్ ఉండింది. ఆ రోజు ఆయన ఎంతసేపు నిలబడ్డాడో ఇప్పటికీ ఎవర్నీ అడగలేదు.